పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు ఎంపిక: లాగే సత్తా కన్నా ఆగే సత్తా ముఖ్యం

కొత్త ట్రాక్టరు కొనే రైతుకు సలహా చెప్పేవారికి కొదవ లేదు. డీలరు చెబుతాడు, బ్యాంకు చెబుతుంది, రాయితీ పథకం కరపత్రం చెబుతుంది, విస్తరణ శాస్త్రవేత్త కూడా చెబుతాడు. పాత ట్రాక్టరు కొనదలచిన రైతు మాత్రం ఒంటరివాడు. అతనికి దొరికే తోడు ఒక దళారి, ఊరిలో తెలిసిన ఒక మెకానిక్కు. మొదటివానికి బేరం కుదిరితేనే కమిషన్ ముడుతుంది. రెండవవాడు ఇంజను శబ్దం విని ఒక మాట చెప్పగలడు గాని, ఆ బండి ఏ దారిలో ఎంత బరువు లాగవలసి ఉందో, ఏ వాలులో ఆగవలసి ఉందో అతనిని అడిగేవారు ఉండరు.

2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం మొదలుకొని రాయితీలన్నీ కొత్త యంత్రాల చుట్టూనే తిరుగుతున్నాయి. విస్తరణ సాహిత్యమూ ఆ బాటలోనే నడిచింది. కాని ధాన్యం, పత్తి, చెరుకు, మిర్చి, పశుగ్రాసం పొలం నుంచి గట్టుకు, గట్టు నుంచి మార్కెట్టుకు చేర్చే పనిలోకి చిన్న రైతు, గ్రామీణ యువకుడు తరచుగా అడుగుపెట్టేది పాత బండితోనే. కొంతకాలంగా ఆ బేరాలలో ‘ఫోర్ వీల్ డ్రైవ్’ అన్న మాటకు ప్రత్యేకమైన ఆకర్షణ ఏర్పడింది. నాలుగు చక్రాలూ లాగితే బండి ఎక్కడా దిగబడదని, ఎంత బరువైనా ఈడ్చుకొస్తుందని నమ్మకం. ఈ నమ్మకంలో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజానికి రైతు చెల్లిస్తున్న ధర ఎంత, ఆ డబ్బు మరొక చోట పెడితే ఎక్కువ మేలు జరుగుతుందా అన్న ప్రశ్నను విస్తరణ రంగం ఇంతవరకు చేతికి తీసుకోలేదు. ఇప్పుడు తీసుకోవలసిన అవసరం ఉంది. రవాణాకు పాత ట్రాక్టరు ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది అది ఎంత లాగుతుందని కాదు, లాగినదాన్ని ఎంతలో ఆపగలదని.

ఎప్పుడు అవసరం?

ఏ బండి అయినా బరువును లాగేది ఇంజను శక్తితో మాత్రమే కాదు, నేలపై చక్రానికి ఉన్న పట్టుతో. హెచ్‌పీ వేగాన్ని నిర్ణయిస్తుంది. చోదక చక్రాలపై పడే బరువు, నేల ఇచ్చే పట్టు కలిసి లాగుడును నిర్ణయిస్తాయి. ఒక సరళమైన లెక్క ఈ విషయాన్ని తేటపరుస్తుంది.

2 టన్నుల ట్రాక్టరు, దాని వెనుక రెండు చక్రాల ట్రాలీ ఉన్నాయనుకుందాం. ట్రాలీ సొంత బరువు టన్నున్నర. అందులో 75 కిలోల ధాన్యం బస్తాలు 60, అంటే నాలుగున్నర టన్నులు. వెరసి ట్రాలీ 6 టన్నులు. ఒంటరిగా ఉన్న ట్రాక్టరు బరువులో దాదాపు 65 శాతం, అంటే 1,300 కిలోలు, వెనుక చక్రాలపై ఉంటుంది. రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత కొక్కెం మీద మోపుతుంది. అది 600 కిలోలయితే వెనుక ఇరుసుపై భారం సుమారు 2,000 కిలోలకు పెరుగుతుంది, ముందు ఇరుసుపై 600 కిలోలకు తగ్గుతుంది.

ఎండిన మట్టి దారిలో ట్రాలీ చక్రాలు దొర్లడానికి దాని బరువులో సుమారు పదో వంతు, అంటే 600 కిలోల లాగుడు బలం కావాలి. అటువంటి నేలపై పట్టు గుణకం 0.5 అనుకుంటే, వెనుక చక్రాలు మాత్రమే తిరిగే టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరు 1,000 కిలోలు లాగగలదు. 5 శాతం ఎగుడు వచ్చి మరో 300 కిలోలు తోడైనా బండి నిలిచిపోదు. ఇక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ చేసే అదనపు మేలు లేదు.

వాన పడి పైపొర జారుతూ, అడుగు గట్టిగా ఉన్న డొంకదారికి వస్తే లెక్క మారుతుంది. నిరోధం 12 శాతానికి, అంటే 720 కిలోలకు పెరుగుతుంది. పట్టు గుణకం 0.3కు పడిపోతుంది. టూ వీల్ డ్రైవ్ 600 కిలోలు మాత్రమే లాగగలదు కనుక చక్రాలు తిరిగినచోటే తిరుగుతాయి. ట్రాక్టరుపై ఉన్న మొత్తం 2,600 కిలోలనూ వాడుకునే ఫోర్ వీల్ డ్రైవ్ 780 కిలోలు లాగి దాటిపోతుంది. ఈ ఇరుకైన పరిధే దాని అసలు రాజ్యం.

నల్లరేగడి పూర్తిగా నాని చక్రం కూరుకుపోయే బురదగా మారితే నిరోధం 20 శాతానికి, 1,200 కిలోలకు చేరుతుంది. అప్పుడు రెండు రకాల బండ్లూ ఓడిపోతాయి. బస్తాలు దించక తప్పదు.

కావున రైతు అడగవలసిన ప్రశ్న ‘ఫోర్ వీల్ డ్రైవ్ మంచిదా?’ అన్నది కాదు. ‘జారుతూ, కూరుకుపోకుండా ఉండే దారిలో నిండు బరువుతో సంవత్సరానికి ఎన్ని రోజులు తిరగాలి?’ అన్నది. పై ఉదాహరణలోనే, తడి డొంకదారిలో 60 బస్తాలకు బదులు 40 బస్తాలు వేసుకుంటే టూ వీల్ డ్రైవ్ బండి దాదాపు గట్టెక్కుతుంది. అంటే ఆ రోజులలో రెండు ట్రిప్పుల పనికి మూడు ట్రిప్పులు పడతాయి. ఏటా ఆ అదనపు ట్రిప్పులకు అయ్యే డీజిలు, కూలి, సమయం ఎంతో లెక్కగట్టి, ఫోర్ వీల్ డ్రైవ్ కోసం అడుగుతున్న అదనపు ధరతో పోల్చితే నిర్ణయం దానంతటదే తేలుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాలలో వరి దమ్ము చేస్తూ, తడి చేలగట్ల మీద ధాన్యం తోలే రైతుకు ఆ లెక్క ఒక తీరుగా వస్తుంది. అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ తోలే రైతుకు మరొక తీరుగా వస్తుంది. ఒకే సలహా ఇద్దరికీ సరిపోదు.

ఎగుడు దారులలో ఫోర్ వీల్ డ్రైవ్‌కు మరొక నిజమైన ప్రయోజనం ఉంది. ముందు ఇరుసు బరువుగా ఉండడం వల్ల నిండు ట్రాలీతో ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలి, స్టీరింగు పట్టు తప్పే ప్రమాదం తగ్గుతుంది. మన్యం ప్రాంతాల రైతులకు ఈ అంశం చెప్పి తీరాలి.

మరచిపోయిన లెక్క

లాగడం గురించి బేరంలో గంటసేపు మాట్లాడేవారు ఆపడం గురించి ఒక్క మాట అడగరు. చాలా ట్రాక్టర్లలో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. చాలా ట్రాలీలకు బ్రేకులే ఉండవు. కనుక 8 టన్నుల మొత్తం బరువును ఆపే భారం ఆ రెండు వెనుక టైర్ల మీదనే పడుతుంది.

పై ఉదాహరణనే తీసుకుంటే, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పొడి తారురోడ్డుపై ఒంటరిగా వెళ్లే ట్రాక్టరు, డ్రైవరు స్పందించడానికి పట్టే ఒక సెకను కాలం కలుపుకొని, సుమారు 17 మీటర్లలో ఆగుతుంది. నిండు ట్రాలీ తగిలిస్తే ఆ దూరం 32 మీటర్లు. పొలం బురద అంటిన తడి రోడ్డుపై 55 మీటర్లు. అదే తడి రోడ్డు 5 శాతం పల్లంగా ఉంటే దాదాపు 150 మీటర్లు. ఆచరణలో దీని అర్థం బండి ఆగదనే. అంతకుముందే ట్రాలీ ట్రాక్టరును పక్కకు నెట్టి మడతబెడుతుంది.

ఇక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ కొంత ఆదుకుంటుంది. దానిని కలిపినప్పుడు గేర్ల ద్వారా ముందు చక్రాలు కూడా బ్రేకుకు లోబడతాయి. ఆ పల్లంలో ఆగే దూరం 150 నుంచి సుమారు 83 మీటర్లకు తగ్గుతుంది. అయితే అదే పల్లంలో, అదే బరువుతో, టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరు వెనుక ఉన్న ట్రాలీకి సరిగా పనిచేసే బ్రేకులు ఉంటే బండి సుమారు 24 మీటర్లలో ఆగుతుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. టైరు, రోడ్డు, బరువు అమరికను బట్టి అంకెలు మారుతాయి. కాని వాటి వరుస మారదు. ఆగడానికి సంబంధించినంతవరకు ట్రాలీ బ్రేకుకు ఫోర్ వీల్ డ్రైవ్ ప్రత్యామ్నాయం కాదు.

ఇది కేవలం పాఠ్యపుస్తకపు చర్చ కాదు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలో, ఆ జూన్‌లోనే యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీలను తీసుకువెళ్తున్న ట్రాక్టరు ట్రాలీలు కాలువల్లో పడి పలువురు మరణించారు. వారిలో అత్యధికులు పొలం పనులకు బయలుదేరిన మహిళలు. ట్రాలీ మనుషులను ఎక్కించుకునే వాహనం కాదని, వారికి అందులో చట్టరక్షణ గాని బీమా రక్షణ గాని దొరకడం కష్టమని ప్రతి విస్తరణ సమావేశంలోనూ చెప్పవలసి ఉంది. బండి ఎంపికను యజమాని లాభనష్టాల వ్యవహారంగా మాత్రమే చూడరాదనడానికి ఆ రెండు ఘటనలే చాలు.

అందువల్ల పాత ట్రాక్టరు చూడడానికి వెళ్లిన రైతు మొదట బ్రేకులే పరీక్షించాలి. కుడి, ఎడమ పెడళ్లను జతచేసే గొళ్లెం ఉన్నదా, పనిచేస్తున్నదా? పొలంలో చిన్న మలుపుల కోసం దానిని విప్పి, రోడ్డుపైకి వచ్చాక వేయడం మరచిపోతే, బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకు తిరగబడుతుంది. ఖాళీ మట్టి నేలపై నెమ్మదిగా నడిపి గట్టిగా బ్రేకు వేస్తే రెండు వెనుక టైర్ల ఈడ్పు గుర్తులు సమానంగా ఉండాలి. నూనెలో మునిగి ఉండే బ్రేకులయితే ఆ నూనె ఎన్నడు మార్చారో అడగాలి. పల్లంలో గేరు దానంతటదే ఊడిపోయే బండి, ఇంజను ఎంత బాగున్నా, రవాణాకు పనికిరాదు. ట్రాలీ ఇనుప పిన్ను, కొక్కెం రంధ్రం అరిగి వదులయ్యాయా అన్నదీ అప్పుడే చూడాలి.

ముందు ఇరుసులోనే చిక్కు

అవసరం లెక్కగట్టిన తరువాత కూడా ఫోర్ వీల్ డ్రైవే కావాలని తేలితే, పాత బండిలో అన్నిటికన్నా అనుమానించవలసిన భాగం ముందు ఇరుసే. డెల్టాలో కొన్నేళ్లు దమ్ము చేసిన బండి ముందు చక్రాల సీళ్ల గుండా బురదనీరు లోపలికి చేరుతుంది. పైకి కడిగి రంగు వేసిన బండిలో ఇది కనిపించదు. ముందు ఇరుసు నూనె బోల్టు విప్పించి నాలుగు చుక్కలు తెల్లకాగితం మీద వేయించాలి. నూనె పాలరంగులో ఉంటే నీరు చేరినట్లు. లోహపు మెరుపు కనిపిస్తే గేర్లు అరుగుతున్నట్లు. చక్రాల మూలల్లో సీళ్లు కారుతున్నాయా, మలుపులో టకటక శబ్దం వస్తున్నదా అన్నవి తరువాతి ప్రశ్నలు.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లలో ముందు టైర్లు వెనుక టైర్లకన్నా కొద్దిపాటి ముందంజతో, సాధారణంగా 1 నుంచి 5 శాతం ఎక్కువ వేగంతో తిరిగేలా గేర్లను రూపొందిస్తారు. ఈ నిష్పత్తి కంపెనీ నిర్ణయించిన టైరు కొలతల మీద ఆధారపడుతుంది. మునుపటి యజమాని చవకగా దొరికిందని వేరే కొలత టైరు వేసినా, వెనుక కొత్త టైర్లు వేసి ముందు అరిగినవే ఉంచినా నిష్పత్తి చెదురుతుంది. ముందు, వెనుక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి టైర్లూ గేర్లూ అరిగిపోతాయి.

దీనిని కనిపెట్టడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ముందు, వెనుక టైర్లపై సుద్దతో ఒక్కొక్క గుర్తు పెట్టి, ట్రాలీ లేకుండా మెత్తని చదునైన నేలపై తిన్నగా నడపాలి. ఫోర్ వీల్ డ్రైవ్ కలపకుండా వెనుక చక్రం 10 చుట్లు తిరిగేలోగా ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించాలి. తరువాత దానిని కలిపి అదే పరీక్ష చేయాలి. మొదటిసారి 15 చుట్లు, రెండవసారి 15.4 చుట్లు వస్తే ముందంజ దాదాపు 2.7 శాతం. బండి సరిగా ఉన్నట్లే. రెండు లెక్కలూ సమానమైనా, రెండవది తక్కువైనా, తేడా 5 శాతం మించినా టైర్లు పొంతన లేనివని గ్రహించాలి. విద్యార్థులు పావుగంటలో చేయగల ఈ పరీక్ష రైతుకు టైర్ల ఖర్చును, కొన్నిసార్లు ఇరుసు ఖర్చునే ఆదా చేస్తుంది.

కొన్న తరువాత వాడకం కూడా నేర్పవలసిన విషయమే. గట్టి, పొడి తారురోడ్డుపై ఫోర్ వీల్ డ్రైవ్ కలిపి తిరిగితే ముందు టైర్లు వేగంగా అరిగిపోతాయి. తడి పల్లంలో అది కావాలి, పొడి రోడ్డుపై వద్దు. ఈ చిన్న వాక్యం ట్రాక్టరు మీదే అంటించి ఉంచదగినది.

చవక అంటే ఏమిటి? నమ్మకం అంటే ఏమిటి?

చవక బండి అంటే తక్కువ ధరకు వచ్చేది కాదు, గంటకు తక్కువ ఖర్చయ్యేది. వ్యవసాయ ఇంజనీరింగ్ లెక్కలలో ట్రాక్టరు ఆయుష్షును సాధారణంగా 10,000 గంటలుగా తీసుకుంటారు. 6,000 గంటలు పనిచేసిన బండికి మిగిలినవి 4,000 గంటలే. అడిగిన ధరకు టైర్లు, క్లచ్చి, బ్యాటరీ, ముందు ఇరుసు మరమ్మతుల అంచనా కలిపి, ఆ మొత్తాన్ని మిగిలిన గంటలతో భాగించాలి. కొత్త బండి ధరను కూడా అలాగే భాగించి, వడ్డీ కలిపి, రెంటినీ పక్కపక్కన పెట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు నాటి కొత్త ధరను చూపి పాత బండికి ధర కట్టే అమ్మకందారు మాట చెల్లదని రైతుకు తెలియాలి.

గంటల మీటరు ఒక్కదానినే నమ్మరాదు. దానిని ఊడదీయవచ్చు, మార్చవచ్చు. బ్రేకు, క్లచ్చి పెడళ్ల అరుగుదల, సీటు కింది రేకు, స్టీరింగు చక్రంపై చేతి గుర్తులు, లింకు పిన్నుల వదులు మీటరు చెప్పే అంకెతో పొంతన కుదరాలి. ఇంజనును ఉదయం పూట, ముందుగా వేడి చేయకుండా, కొనేవాని ఎదుటే తిప్పించాలి. నీలిపొగ ఆగకుండా వస్తే నూనె కాలుతున్నదని, బరువు పడగానే దట్టమైన నల్లపొగ వస్తే గాలి లేదా ఇంధనపు అమరికలో లోపం ఉన్నదని అర్థం. వేడెక్కిన తరువాత నూనె పోసే మూత తెరిస్తే ఒత్తిడితో ఆవిరి ఎగదన్నితే పిస్టన్లు, లైనర్లు అరిగినట్లు.

నమ్మకం అన్న మాటకు గ్రామంలో ఒకే అర్థం ఉంది: కోతల వేళ బండి ఆగిపోతే ఎన్ని గంటల్లో మళ్లీ కదులుతుందన్నది. దానికి జవాబు కంపెనీ పేరులో లేదు, మండల కేంద్రంలో ఉంది. ఆ నమూనాకు క్లచ్చి పలకలు, సీళ్లు, పంపు సామాను అక్కడ దొరుకుతున్నాయా? ముందు ఇరుసు విప్పి బిగించిన మెకానిక్కు ఇరవై కిలోమీటర్ల లోపల ఉన్నాడా? 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీకి మించిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థ ఉన్న బండి కొంటే దాని లోపం పట్టే పరికరం ఎవరి దగ్గర ఉన్నదో ముందే విచారించాలి. ఊరిలో నలుగురు వాడుతున్న సాదా టూ వీల్ డ్రైవ్ నమూనా, ఊరిలో ఎవరికీ తెలియని ఫోర్ వీల్ డ్రైవ్ కన్నా నమ్మదగినది.

కాగితం కూడా యంత్రభాగమే

బండి బాగుండి కాగితాలు చెడితే ఆ బండి చెడినట్లే. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీకి కూడా వేరుగా రిజిస్ట్రేషన్ కావాలి. చాలా బేరాలలో ట్రాక్టరు ఆర్‌సీ చేతికి వస్తుంది, ట్రాలీ ఊసే ఉండదు. యాజమాన్య బదిలీకి 29, 30 నంబరు ఫారాలు, ఫైనాన్స్ తీరినట్లు చూపడానికి 35వ నంబరు ఫారం, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన బండికి నిరభ్యంతర పత్రం అవసరం. ఛాసిస్‌పై చెక్కిన నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చాలి. 15 ఏళ్లు నిండిన బండి అయితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ జరిగిందో లేదో చూడాలి. థర్డ్ పార్టీ బీమా లేకుండా రోడ్డెక్కడం నేరం.

ఈ జాగ్రత్త కొనేవానికే కాదు, అమ్మేవానికీ కావాలి. రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారం విషయంలో అతనే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. తెల్లకాగితంపై రాసుకుని బండి అప్పగించిన రైతు, అది చేతులు మారి మారి ఎక్కడో ప్రమాదానికి గురైతే, తనకు తెలియని కేసులో పరిహారం కట్టవలసి రావచ్చు. పేరు మారిన తరువాతే చివరి విడత సొమ్ము చెల్లించడం ఇరువురికీ క్షేమం.

రెండు అభ్యంతరాలు

విస్తరణ వ్యవస్థ పాత యంత్రాలను ప్రోత్సహించడం తగునా అన్న ప్రశ్న రాక మానదు. కొత్త యంత్రం తక్కువ డీజిలు తాగుతుంది, తక్కువ పొగ వదులుతుంది, అద్దె యంత్ర కేంద్రాలు ఉండనే ఉన్నాయి కదా అన్నది వాదన. వాదన నిజమే. అయితే సలహా చెప్పడం ప్రోత్సహించడం కాదు. రైతు ఎలాగూ కొంటున్నాడు. చెప్పకపోతే మంచి బండికి బదులు చెడ్డ బండి కొంటాడు, అంతే తేడా. ఏడాదికి కొద్ది రోజుల రవాణా పని మాత్రమే ఉన్నవానికి లెక్క చూపించి, అద్దె బండే మేలని ఒప్పించగల అవకాశం కూడా ఆ సంభాషణలోనే ఉంది. కోతల వేళ అద్దె బండి ఊరందరికీ ఒకే రోజున కావలసి వస్తుందన్న రైతు అనుభవాన్ని కూడా ఆ లెక్కలో చేర్చాలి.

ఫోర్ వీల్ డ్రైవ్‌కు తిరిగి అమ్మితే మంచి ధర వస్తుంది కనుక ఎక్కువ పెట్టడంలో నష్టం లేదన్నది రెండవ వాదన. ముందు ఇరుసు ఆరోగ్యంగా ఉన్నంతవరకే అది నిజం. పై సుద్దగుర్తు పరీక్షను రేపటి కొనుగోలుదారు కూడా నేర్చుకుంటే, పొంతనలేని టైర్లతో తిరిగిన బండికి ఆ ధర దక్కదు.

విస్తరణ రంగం చేయవలసింది

ఈ పనికి కొత్త పథకం అక్కరలేదు. కృషి విజ్ఞాన కేంద్రాలు కోతల సీజనుకు నెల ముందు ఒక రోజును పాత ట్రాక్టర్ల పరీక్షకు కేటాయించవచ్చు. దగ్గరలోని వేబ్రిడ్జిపై నిండు ట్రాలీని తూచి చూపితే, తాను ఎంత బరువు లాగుతున్నాడో చాలామంది డ్రైవర్లకు మొదటిసారి తెలుస్తుంది. తరువాత ఖాళీ స్థలంలో బరువుతోనూ, బరువు లేకుండానూ బ్రేకు వేయించి, ఆగిన దూరాన్ని టేపుతో కొలిపించాలి. ఆ రెండు అంకెలు వంద ఉపన్యాసాల పెట్టు.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంతీయ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల ఉన్న నైపుణ్యం, బాపట్లలోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వంటి విద్యాసంస్థల బోధన ఇందుకు అండగా నిలవగలవు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో ఊళ్లకు వెళ్లే విద్యార్థులు పంటల వివరాలతో పాటు ఊరిలోని ట్రాక్టర్ల వయసు, టైర్ల పొంతన, ట్రాలీ బ్రేకుల స్థితి నమోదు చేస్తే, ఏ ప్రాంతానికి ఏ రకం బండి నిజంగా అవసరమో చెప్పే సమాచారం కొన్నేళ్లలో సమకూరుతుంది. ట్రాలీలకు బ్రేకులు అమర్చే ఖర్చుకు రాయితీ ఇవ్వాలన్న ప్రతిపాదన చేయడానికి కూడా ఆ సమాచారమే ఆధారమవుతుంది. కొత్త యంత్రానికి ఇచ్చే రాయితీలో చిన్న భాగంతో పాత ట్రాలీలకు బ్రేకులు పడితే, ఆ సొమ్ము రైతు ఆదాయాన్నే కాక కూలీల ప్రాణాలనూ కాపాడుతుంది.

పాత బండి కొనే రైతు చేతిలో ఉన్న డబ్బు పరిమితం. ఆ డబ్బుతో ఫోర్ వీల్ డ్రైవ్, మంచి బ్రేకులు, ట్రాలీ బ్రేకు, సరైన కాగితాలు అన్నీ దొరికితే అంతకన్నా కావలసింది లేదు. అన్నీ దొరకనప్పుడు ఏది వదులుకోవాలో అతనికి చెప్పేవారు కావాలి. మొదట వదులుకోదగినది ముందు చక్రాల లాగుడు. చివరివరకూ వదులుకోకూడనివి బ్రేకు, కాగితం.